ముడి లేని ఇళ్లు

తిరుమల శవం గట్టు దాటడానికి ముప్పావుగంట పట్టింది. ఆ గట్టు పొడవు నూట యాభై అడుగులు.

ముందు లారీలు దాటాలి. రొయ్యల మేత బస్తాలతో పదకొండు లారీలు అటు నుంచి వస్తున్నాయి. గట్టు మీద ఒక్క బండికే దారి. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోడు బళ్లండీ, ఎనక్కి తియ్యలేరు. కాసేపు కిందికి దింపుకోండి."

నలుగురు మనుషులు టార్పాలిన్‌లో మోసుకొస్తున్న ఆ ఇరవై ఆరేళ్ల శరీరాన్ని ఇసుకలోకి దింపారు. ఇంకా నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఒక్కో లారీ పోతుంటే లేచిన దుమ్ము ఆ తడి ముఖానికి అంటుకుంటోంది. దానమ్మ వంగి కొంగుతో తుడిచింది. ఇంకో లారీ. మళ్లీ తుడిచింది. తొమ్మిదో లారీ దగ్గర తిరుమల అన్న మణికుమార్ రాయి తీశాడు. అతను దానమ్మకు అల్లుడు. ఆమె అతని మణికట్టు పట్టుకుంది.

"ముందు వాణ్ణి ఇంటికి చేర్చు మణీ. రాళ్లెక్కడికీ పోవు."

ఈ గట్టే లేకపోతే తిరుమల బతికుండేవాడు. ఆ మాట ఊళ్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పనీ లేదు. పాతమొగ అనే ఆ ఊరికి పేరు తెచ్చిందే ఆ మొగ. వాగు సముద్రంలో కలిసే చోటు. గాలి తిరగబడితే పడవలన్నీ అందులోంచే లోపలికొచ్చి బతికేవి. రొయ్యల చెరువుల కాంట్రాక్టరు భానుచందర్ తన లారీల కోసం ఆ నోటికి అడ్డంగా మట్టీ బండలూ పోసి రోడ్డేశాడు. ఇప్పుడు గాలి తిరిగితే పడవ ఇంకో మొగ కోసం దక్షిణంగా తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. ఆ ఉదయం తిరుమల పడవ ఇంజను అంతదూరం రాలేదు. ఊళ్లో పొయ్యిల పొగ కనిపించే దూరంలోనే కెరటం పడవను బోర్లా తిప్పేసింది. గట్టు సగం కట్టినప్పుడే, పదకొండేళ్ల కిందట, దానమ్మ మొగుడు కూడా అక్కడే పోయాడు. అతని శవం దొరకలేదు.

పదకొండో లారీ దాటాక వాచ్‌మన్ చెయ్యి దించాడు. "ఇంక ఎళ్లండి," అన్నాడు మర్యాదగానే.

*

పాతమొగ దిక్కులేని ఊరే, కానీ చేతగాని ఊరు కాదు. దాని బలం ఎంతో కాగితం మీద చూపించింది జాన్సన్. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ నోటుపుస్తకాల దుకాణం మీద, మేడగదిలో, మత్స్యకార్మికుల సంఘం ఆఫీసు నడుపుతాడతను. తిరుమల పెద్దకర్మ అయిన మర్నాడు దానమ్మా, మణికుమారూ బస్సెక్కి అతని దగ్గరికి వెళ్లారు. గట్టు మీద కోర్టుకెళ్దామని మణి ఆలోచన.

"కోర్టు సంగతి తర్వాత. ఎమ్మెల్యేగారు పోయారు కదా, ఉపఎన్నిక నెలలో ఉంది. ముందు ఇది చూడండి," అని జాన్సన్ ఒక కాగితం పరిచాడు. "కోటదిబ్బ నియోజకవర్గం. ఇది మీ బూత్. ఆరొందల పన్నెండు ఓట్లు. నాలుగు ఎన్నికల కిందట గెలిచినాయన మెజారిటీ మూడొందల పద్దెనిమిది. తర్వాతది తొంభై నాలుగు. తర్వాత రెండొందల పదకొండు. మొన్నటిది నాలుగొందల ఏడు. నాలుగుసార్లూ మీ ఊరు మొత్తం ఎటు పడిందో అటే గెలుపు."

దానమ్మకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు. వేలు పెట్టి ఒక్కోటీ చూసింది.

"అంటే నలుగురు ఎమ్మెల్యేల్ని కుర్చీలో కూర్చోబెట్టింది మేమేనా?"

"మీరే అమ్మా."

"మరి మమ్మల్ని ఒక్కడూ కూర్చోమన్లేదేంటండీ?"

జాన్సన్ నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే ఆ నలుగురి చరిత్ర అతనికీ తెలుసు. మొదటివాడు మొగ తవ్విస్తానని శంకుస్థాపన రాయి వేశాడు. రెండోవాడు దాని పక్కనే ఇంకో రాయి వేశాడు. మూడోవాడు సర్వే చేయించి జెండాలు పాతాడు. నాలుగోవాడు, ఇప్పుడు చనిపోయినాయన, సర్వే చేసిన ఆ జాగానే గట్టేసిన భానుచందర్‌కు లీజుకిచ్చాడు. ఆ రెండు శంకుస్థాపన రాళ్ల మీదా ఇప్పుడు ఊరి ఆడవాళ్లు చేపలకు పొలుసు గీకుతారు.

"ఊరంతా ఒక్క మాట మీద ఉండటం మీ బలం," అన్నాడు జాన్సన్. "ఆ మాట నలుగురు పెద్దల నోట్లో ఉండటమే మీ జబ్బు. వాళ్లకు ఆరొందల మందిని నమ్మించే పని లేదు. నలుగురిని నమ్మిస్తే చాలు."

బస్సు ఉయ్యూరు దాటింది. చెరుకు లోడు ట్రాక్టర్ల వెనక బస్సు ఆగినప్పుడు దానమ్మ మెల్లగా అంది, "మాట ఇవ్వకూడదు మణీ. తీసుకోకూడదు కూడా."

*

ఆ ఊళ్లో ఓటు ఎలా వేస్తారో చెప్పాలి. ఎన్నిక ముందు వలలు బాగుచేసే పాకలో కులపెద్దలు కూర్చుంటారు. కట్టుతాడు తీస్తారు. సముద్రానికి వెళ్లే మగవాడున్న ప్రతి ఇంటికీ ఆ తాడు మీద ఒక ముడి. ఇంటి యజమాని వచ్చి తన ముడి మీద చెయ్యి వేశాడంటే ఆ ఇంటి ఓట్లన్నీ ఊరి మాటకు కట్టుబడినట్టు. తప్పినవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు. నూట పదిహేడు ముడులు ఆ తాడుకు. ఊళ్లో ఇళ్లు నూట నలభై ఎనిమిది. మిగిలిన ముప్పై ఒకటి విధవల ఇళ్లు. వాటికి ముడి లేదు. ఓటుకు మాత్రం కట్టుబాటు ఉంది.

పెద్ద పోతురాజు తాడు ఒళ్లో పెట్టుకున్నాడు. దానమ్మకు బావగారాయన.

"ఉమామహేశ్ బాబుకి మాటిద్దాం," అన్నాడు. "ఎమ్మెల్యే తండ్రి పోయిన బిడ్డ. జనంలో జాలి ఉంది. గెలిచేవాడి పక్కనుంటే మొగ సంగతి అడగొచ్చు."

"గెలిచేవాడి పక్కన మనం ఉండటం కాదు పెదమావా, మన పక్కనున్నోడే గెలుస్తున్నాడు!" మణికుమార్ లేచాడు. "లెక్క చూసొచ్చాం."

"అయితే ఎదురు నిలబడ్డ రాజ్యశ్రీగారికేద్దామా? ఆవిడ తిరిగే కార్లెవరియ్యో తెలుసా? భానుచందర్‌వి."

"ఉమామహేశ్ తిరిగేది మాత్రం ఎవడి కార్లలో? ఆడియ్యే!"

పాకంతా గోల. అప్పుడు వెనక నుంచి దానమ్మ గొంతు వినిపించింది.

"మాట ఎవడికీ ఇవ్వద్దు. ఎవడి దగ్గరా తీసుకోవద్దు. ముందు గట్టు తెగాలి. నీళ్లు ఇటు రావాలి. అప్పటిదాకా ఒక్కరం బూత్ గడప తొక్కొద్దు."

"ఆడోళ్లు మాట్టాడే చోటా ఇది?" ఎవరో కసిరారు.

"ఏలికి సిరా పూసేటప్పుడు గుర్తురాలేదా, ఆడదాన్నని?"

కొందరు నవ్వారు. నవ్వినవాళ్లే తర్వాత తలలూపారు. చాలాసేపు వాదులాట జరిగింది. భయపడినవాళ్లున్నారు. పింఛన్లు ఆపేస్తారని ఒకడు, లైసెన్సులు రద్దు చేస్తారని ఒకడు. "ఆపితే మాత్రం ఏంటి? తిరుమలగాడికి పింఛనిచ్చారా?" అని మణి అరిచాక ఒక్కొక్కరూ వచ్చి ముడి మీద చెయ్యి వేశారు. నూట పదిహేడు చేతులు.

అందరూ అయ్యాక దానమ్మ కదల్లేదు.

"మా ముప్పై ఒక్క ఇళ్లకీ ముడులు ఎయ్యండి బావగారూ. మాట మాది కూడా కదా."

పోతురాజు ఇబ్బందిగా కదిలాడు. "ముడంటే సముద్రానికెళ్లే మనిషి. మగాడు లేని ఇంటికి ఎట్టా ఏస్తాం దానమ్మా?"

"మా మగాళ్లు సముద్రంలోనే ఉన్నారు. ఇంకా రాలేదంతే."

పోతురాజు తాడు చుట్టేస్తూ, ఆమె వైపు చూడకుండా, "ఎలక్షనైపోనీ, చూద్దాం," అన్నాడు.

ఒక్కమాట మీదకొచ్చిన ఊరిని ముడి కోసం విడదీయడం ఎందుకని దానమ్మ ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఆమె చేసిన మొదటి తప్పు.

*

ఆ నెలంతా పాతమొగకు రాని మనిషి లేడు. రాజ్యశ్రీ వచ్చి తిరుమల తల్లిని కౌగిలించుకుని ఏడ్చింది. ఉమామహేశ్ వచ్చి తండ్రి ఫొటో చూపించి ఏడ్చాడు. ఇద్దరికీ ఒకటే జవాబు: ముందు గట్టు. ఓటు విలువ గురించి చెప్పడానికి అధికారులు మైకు కట్టుకొచ్చారు. "విలువ తెలిసే దాచుకున్నామండీ," అన్నారు ఆడవాళ్లు.

పోలింగ్ రోజు మధ్యాహ్నం రెండున్నరకు ఆ బూత్‌లో పోలైన ఓట్లు సున్నా. ఇద్దరు అభ్యర్థుల ఏజెంట్లూ బడి వరండాలో ఫోన్లు చెవుల్లోంచి తియ్యకుండా అటూ ఇటూ తిరుగుతున్నారు. మిగతా నియోజకవర్గమంతా నువ్వా నేనా అన్నట్టుంది. ఆరొందల పన్నెండు మంది ఇళ్ల అరుగుల మీద కూర్చుని వలలు కుట్టుకుంటున్నారు. ఆ పూట దానమ్మ గుండె నిండా గాలి పీల్చుకుంది. పదకొండేళ్లలో అదే మొదటిసారి.

మూడింటికి పొక్లెయిన్ వచ్చింది. దాని పక్కనే ఉమామహేశ్, చెప్పులు లేకుండా నడుస్తూ.

"చూసుకోండి!" అని అరిచాడు. "మాట కాదు, పని!"

మిషను చెయ్యి గట్టు మీద పడింది. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. సముద్రం నిండు పోటు మీదుంది. గట్టు నడుమ చీలిక పడగానే అటునుంచి నీళ్లు నురగ కక్కుతూ లోపలికి దూకాయి. ఊరు ఊరంతా కేక పెట్టింది. ముసలివాళ్లు ఏడ్చారు. మగవాళ్లు బట్టలతోనే నీళ్లలోకి దిగారు. ముత్తైదువలు పసుపూ కుంకాలు పట్టుకుని పరుగెత్తారు.

దానమ్మ పరుగెత్తలేదు. మొగ తెగిన రోజు మొదటి నీళ్లకు విధవ ఎదురు రాకూడదు. తాతలనాటి ఆచారం. ముప్పై ఒక్కమందీ పాకలోనే, తడికల సందుల్లోంచి చూస్తూ నిలబడ్డారు.

అక్కడి నుంచి ఆమె ఒకటి చూసింది. మిషను చెయ్యి పైపైనే ఆడింది. ఒక్కసారి కూడా కిందికి వంగలేదు. రోజూ చేపల గంపతో ఆ గట్టు మీద నడిచే మనిషి ఆమె. పైన మట్టి ఎంతో, కింద బండలు ఎక్కడ మొదలవుతాయో ఆమె పాదాలకు తెలుసు. ఈ నీళ్లు పోటు నీళ్లు. సముద్రం పొంగి ఉంది కాబట్టి పైనుంచి పొర్లుతున్నాయి. పాటు తీసి సముద్రం వెనక్కి తగ్గితే ఏం మిగులుతుంది?

తడిసి ముద్దయిన మణికుమార్ పాక ముందునుంచి పరుగెడుతుంటే పిలిచింది. "మణీ, గెడకర్ర ఏసి లోతు చూశారా?"

అతని ముఖం చిన్నబోయింది. "అత్తా, ఇయ్యాల ఇట్టాంటి మాటలొద్దు. నువ్వనకూడదు కూడా."

ఆమె నోరు మూసుకుంది. మంచి రోజున చెడుమాట తన నోట వచ్చిందని చెంపలు కూడా వేసుకుంది.

సాయంత్రం ఆరింటికి బూత్ ముందు వరస ఇంకా ఉంది. స్లిప్పులిచ్చి అందరిచేతా వేయించారు. అయిదొందల డెబ్భై ఓట్లు, రాత్రి తొమ్మిదయ్యేసరికి. వరసలో ఆఖరున దానమ్మ. గట్టు మీదికి మిషను తెచ్చిందెవరో ఓటూ వాళ్లకే. నొక్కి బయటికొచ్చింది.

*

మర్నాడు పొద్దున్నే పడవలు బయల్దేరాయి. ముందు మణికుమార్ పడవ. అప్పటికి పాటు తీస్తోంది. చీలిక మధ్యకు రాగానే పడవ కింద కర్రుమంది. అంతే, ఆగిపోయింది. వెనక పడవలూ ఆగాయి. అందరూ చూస్తుండగానే నీళ్లు సన్నగా జారిపోయాయి. మోకాలి లోతు. పిక్కల లోతు. ఆ తర్వాత నల్లటి బండలు, వాటి మీద నిన్నటి పసుపు మరకలు.

ఊరంతా గట్టు మీద నిలబడి ఆ బండల్ని చూసింది. అవతల మేత లారీలు అప్పుడే వరస కట్టాయి. వాటి ముందు నిన్నటి పొక్లెయినే, చీలిక పూడ్చడానికి సిద్ధంగా ఉంది.

"నాకు నిన్ననే తెలుసు," అంది దానమ్మ.

అందరూ తిరిగారు.

"మిషను కిందికి వంగలేదు. చూశాను."

"చూసి ఎందుకు చెప్పలేదు?" పోతురాజు ముందుకొచ్చాడు.

"నన్ను ఎదురు రావద్దన్నారుగా బావగారూ. మీరన్నారనే కాదు. నేనూ అదే నిజమనుకున్నాను." ఆమె బండల వైపు చెయ్యి చూపించింది. "ఉమామహేశ్‌ని పంపి భానుచందర్ మనల్ని మోసం చేశాడు, సరే. వాడి పని అది. నిన్న లోతు చూడాల్సిన కళ్లు ముప్పై ఒక్క జతలు పాకలో దాక్కున్నాయి. అది చేసుకుంది మనమే."

మణికుమార్ తల దించుకున్నాడు.

దానమ్మ గంప తీసుకుని చీలికలోకి దిగింది. వంగి రెండు చేతులా మట్టి తోడి గంపలోకి వేసింది. ఆమె వెనక ముడి లేని ఇళ్ల ఆడవాళ్లు దిగారు. తర్వాత మిగతా ఆడవాళ్లు. తర్వాత మగవాళ్లు, పలుగులతో. గంటసేపు ఊరు ఊరంతా తవ్వింది. రెండు బండలు కదిలాయి కూడా. మూడో బండ దగ్గర పోలీసు వ్యాన్లు వచ్చాయి.

"ప్రభుత్వ లీజు భూమి ఇది. పక్కకు రండి," అన్నాడు ఎస్సై. "లీడరెవరు?"

"లీడరేంటండీ, మట్టెత్తటానికి," అంది దానమ్మ గంప దించకుండా.

"అయితే నువ్వే ఎక్కు."

ఆమెను లాగారు. అడ్డం వచ్చినవాళ్ల మీద లాఠీలు పడ్డాయి. మణికుమార్ తల పగిలింది. మొత్తం నలభై మూడు మందిని ఎక్కించారు. వ్యాను తలుపు మూస్తుంటే వెనక పొక్లెయిన్ స్టార్టయిన చప్పుడు వినిపించింది.

వ్యానులో ఎదురుగా పోతురాజు. కట్టుతాడు ఆయన భుజం మీదే ఉంది. చివర ఒక ముడి వేసి చూపించాడు. "ఇది నీ ఇంటిది దానమ్మా."

ఆమె ముడిని వేళ్లతో తడిమింది. "ఇప్పుడెందుకు బావగారూ? నిన్న, మొగ తెగుతున్నప్పుడు పనికొచ్చేది."

ఆయన తాడు వదల్లేదు. మిగిలిన ముప్పై ముడులు వేస్తూనే ఉన్నాడు. బందరు సబ్‌జైలు గేటు దగ్గర తాడు లాక్కున్నారు.

నాలుగో రోజున జైలు రేడియోలో ఫలితం వచ్చింది. కోటదిబ్బలో ఉమామహేశ్ గెలుపు. మెజారిటీ నూట నలభై ఒకటి.

*

పద్దెనిమిది రోజులకు బెయిలొచ్చింది. దానమ్మ తిరిగొచ్చేసరికి గట్టు ఇంకో రెండడుగులు లేచింది. రెండువైపులా ఇనపగేట్లు పెట్టారు. ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి. ఊళ్లో సగం మంది మగవాళ్లు భానుచందర్ చెరువుల్లోనే కూలికి వెళ్తున్నారు. రొయ్యలకు మేత చల్లడానికి. ఎవర్ని ఏమంటుంది? తల మీద కుట్లతో మణికుమార్ కూడా వెళ్తున్నాడు. అత్తను చూసి ముఖం తిప్పుకున్నాడు.

గెలిచినవాడు ఒక్కసారి కూడా రాలేదు. జాన్సన్ వేసిన కేసు వాయిదాల్లో ఉంది.

మర్నాడు తెల్లవారి ఎప్పటిలాగే ఆమె గంప ఎత్తుకుంది. తొమ్మిది కిలోమీటర్ల అవతల రేవు నుంచి తెచ్చుకున్న చేపలు. అమ్మకానికి బస్సెక్కాలంటే గట్టు దాటాలి. గట్టు మీద అవతలి గేటు దాకా ఆడవాళ్లు వరసలో ఉన్నారు. అక్కడ వాచ్‌మన్ ఒక్కో గంపా దింపించి చేపల కింద చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

"ఏం ఎతుకుతున్నాడే?" అని ముందున్న కూతురు కీర్తనను అడిగింది.

"మట్టి," అంది కీర్తన గొంతు తగ్గించి. "నువ్వు లోపలుండగా మొదలెట్టామమ్మా. గట్టు దాటేటప్పుడల్లా గంపలో ఇంత మట్టి ఎత్తుకుపోవటం. వారం తర్వాత కనిపెట్టారు. అప్పట్నించీ గంపలు చూస్తున్నారు."

"మరి ఇప్పుడు?"

కీర్తన గట్టు మధ్యలో కాలిముల్లు తీసుకుంటున్నట్టు వంగి లేచింది. ఆమె వెనకామె కింద పడ్డ చేప ఏరుకుంటున్నట్టు వంగింది. దానమ్మ అర్థం చేసుకుంది. గట్టు మధ్యకు రాగానే ఆమె కూడా నడుం పట్టేసినట్టు వంగింది.

గేటు దగ్గర వాచ్‌మన్ గంప వంచాడు. చేపలు తప్ప ఏమీ లేవు. "జైలుకెళ్లొచ్చాక బుద్ధొచ్చినట్టుందే పెద్దమ్మకి," అన్నాడు.

"వచ్చింది బాబూ. కాస్త ఆలస్యంగా వచ్చింది."

అవతల, బస్సాగే చోట తుప్పల వెనక ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు నడుము దగ్గర చెక్కిన కుచ్చెళ్లు వదులు చేసుకున్నారు. పిడికెడేసి మట్టి రాలింది. అక్కడ అప్పటికే మోకాలెత్తు కుప్ప ఉంది. కుప్ప పక్కన కంపకు కొత్త నైలాను తాడు కట్టి ఉంది. ముడులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఇంటికొకటి కాదు, మనిషికొకటి.

"ఇట్టా పిడికెడేసి తీస్తే బండల దాకా ఎన్నాళ్లు పడుద్దే?" అని అడిగింది దానమ్మ.

కీర్తన డిగ్రీ చదివింది. లెక్క ముందే వేసుకుంది. "వాళ్లు మళ్లీ పొయ్యకపోతే నాలుగేళ్లు. పోస్తారు. మొన్న కూడా రెండు ట్రక్కులు పోశారు."

నాలుగేళ్లు. ఉమామహేశ్ గెలిచిన సీటు గడువూ అంతే.

బస్సు హారన్ కొట్టింది. దానమ్మ కదల్లేదు. తాడు చివర పట్టుకుని తన ముడి తానే వేసుకుంది. పళ్లతో బిగించింది. అప్పుడు గంప ఎత్తుకుని బస్సు వైపు నడుస్తూ, వెనక్కి తిరిగి గట్టును చూసింది. మిషను దాని మీద ఇంకో బకెట్ మట్టి పోస్తోంది.

"పొయ్యనీ," అంది. "సాయంత్రం మళ్లీ ఇటే వస్తాంగా."